కిటికీలోంచి వేసిన తువ్వాలు

మొన్న సోమవారం పలాస కాంప్లెక్సులో టెక్కలి బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి ఒక తువ్వాలు లోపలికి వెళ్ళి సీటు మీద పడింది. ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు. దాని వెనకే జనం తలుపు దగ్గర తోసుకోవడం మొదలుపెట్టారు. ఆ తోపులాటలో దూరే వయసు నాకు దాటిపోయింది, మోకాళ్ళు ఒప్పుకోవు. అందరూ ఎక్కాక నెమ్మదిగా ఎక్కి, రాడ్డు పట్టుకుని, నందిగాం దాకా నిలబడక తప్పదని మనసుకి చెప్పుకున్నాను.

"మేడంగోరూ, ఇటు రండి. సీటుంచినాను," అని ఎవరో పిలిచారు.

ముప్ఫై దాటిన మనిషి. కిటికీ పక్కన కూర్చుని, తువ్వాలు పడిన పక్కసీటు మీద అరచెయ్యి ఆనించి ఉంది. జుట్టు మెడ దాకా కూడా లేదు, కత్తిరించుకున్నట్టుగా పొట్టిగా ఉంది. ఎక్కడో చూసిన ముఖమే. ఎవరో మాత్రం తట్టలేదు. ఈ మధ్య నాకు ముఖాలు గుర్తుంటున్నాయి గానీ అవి ఏ ఊరివో గుర్తుండడం లేదు.

"నువ్వెవరమ్మా?" అన్నాను.

"కూకో ముందు. తర్వాత మాటాడుకుందుము," అంది.

ఆ మాట వినగానే కూర్చున్నాను. ఈ దారిలో ఆ మాట ఒక్క మనిషిదే. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

ఆవిడ పేరు నాకు తెలుసు, రాయను. బస్సులో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కూడా. డ్రైవర్ల దగ్గర్నుంచి టెక్కలి బజారు దాకా అందరికీ చీపుళ్ళప్పే. మా వైపు అప్ప అంటే అక్క. వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానంలో ఏదో లోపలి ఊరు ఆవిడది. ఎండు కొబ్బరాకులు ఏరి, ఈనెలు చీరి, చీపుళ్ళు కట్టి, పొద్దున్నే ఆటోలో పలాస వచ్చి, అక్కణ్ణుంచి మా బస్సెక్కి టెక్కలిలో అమ్ముకునేది. నేను టెక్కలి కాలేజీలో జువాలజీ చెప్తాను. ఇంకో ఏడాదిలో రిటైరవుతాను. ఇన్నేళ్ళలో పిల్లలకి నేను చెప్పిందెంతో తెలియదు గానీ, ఆ బస్సులో నిలబడ్డంత మాత్రం ఇంకెక్కడా నిలబడలేదు. కూర్చున్న రోజులంటూ ఉంటే అవన్నీ చీపుళ్ళప్ప పుణ్యమే.

సీటు పట్టడం ఆవిడకి ఒక విద్య. బస్సు మలుపు తిరుగుతుండగానే ఏ కిటికీ తెరిచి ఉందో చూసేది. పమిట బొడ్లో దోపి, నాలుగడుగులు పక్కనే నడిచి, తువ్వాల్ని చిన్న ముద్దలా చుట్టి విసిరేది. గురి తప్పడం నేను చూడలేదు. తర్వాత తీరిగ్గా చీపుళ్ళ కట్టలు డిక్కీలో వేయించుకుని, అందరికంటే వెనక ఎక్కి, సీట్లో ఎవరైనా కూర్చుని ఉంటే, "నెగు బాబూ, అది సూడనేదా?" అనేది. తువ్వాలు వేసిన సీటుని కాదనే ధైర్యం మా దారిలో ఎవరికీ లేదు. పోలీసాయన కూడా లేచాడు ఒకసారి. అంతా చేసి ఆ సీట్లో తను కూర్చునేదా అంటే అదీ లేదు. కడుపుతో ఉన్న పిల్లో, ముసలాయనో, చాక్‌పీసు పొడితో ఆయాసపడుతున్న నాలాంటిదో కనిపిస్తే చెయ్యి పట్టి లాగి కుదేసేది. "కూకో ముందు. తర్వాత మాటాడుకుందుము." తను డ్రైవరు పక్కన ఇంజను మూత మీద కూర్చునేది.

నన్ను మేడంగోరూ అంటూనే నువ్వు అనేది. ఆ రెండూ కలిస్తే నాకు ఎంత బాగుండేదో. కాలేజీలో అందరూ మీరు అనేవాళ్ళే, ఒక్కరికీ నా మోకాళ్ళ సంగతి పట్టేది కాదు.

చెవి వెనక ఎప్పుడూ ఒక చుట్ట ఉండేది. దిగాక వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. తువ్వాలు ఒక మూల కాలి చిల్లు పడింది ఆ చుట్టతోనే. ఇంకో అలవాటు, ఎవరు కనబడినా "తిన్నావా" అని అడగడానికి ముందే "నీదెంతొచ్చినాది?" అని అడగడం. ఉద్దానంలో ఆ ప్రశ్నకి అర్థం చెప్పక్కర్లేదు. క్రియాటినిన్ అంకె, కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పేది. మా దగ్గర పెళ్ళిచూపుల్లో కూడా అది అడుగుతారు. కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్ళకీ ఎవరూ తేల్చలేదు. నీళ్ళంటారు, నేలంటారు, ఎండలో పనంటారు, మందులంటారు. ఎవరి అనుమానం వాళ్ళది.

ఆవిడ అనుమానం బిళ్ళల మీద. దానికో కారణం ఉంది. ఆవిడ భర్త కొబ్బరి దింపు దింపేవాడు. చెట్లెక్కి దిగి సాయంత్రానికి ఒళ్ళు పుండులా అయ్యేది. ఊళ్ళో ఆరెంపీ ఇచ్చిన నొప్పి బిళ్ళ మింగి పడుకునేవాడు. పొద్దున్న మళ్ళీ చెట్టు. ఏళ్ళ తరబడి అదే. తర్వాత కాళ్ళు వాచాయి, అన్నం సయించలేదు, డయాలసిస్ మొదలైంది. ఆ తువ్వాలు ఆయనదే. డయాలసిస్ సెంటర్ బయట ఒక బెంచీ ఉండేదట. వంతు వచ్చేదాకా ఆయన కూర్చోలేడు, ఒరగాలి. ఈవిడ ముందుగా పరిగెత్తుకుని వెళ్ళి ఆ బెంచీ మీద తువ్వాలు పరిచేది. తువ్వాలు వేసి సీటు పట్టడం అక్కడ అలవాటైంది. ఆయన పోయాక బెంచీ అవసరం తీరింది గానీ చెయ్యి ఆగలేదు. బస్సు మీద పడింది.

"నొప్పి బిల్లలే మింగీసినాయి మావోడ్ని," అనేది. "నాను సచ్చినా బిల్ల మింగను." జ్వరమొస్తే మిరియాల కషాయం. తలనొప్పికి తలకి గుడ్డ. అంతే. నొప్పి బిళ్ళల గురించి ఆవిడ అన్నది తప్పని నేను ఎప్పుడూ అనలేదు, డాక్టర్లూ అదే చెప్తారు. కాకపోతే ఆవిడ లెక్కలో అన్ని బిళ్ళలూ ఒకటే.

ఒకరోజు పొద్దున్న నాకు సీటిచ్చి, ఇంజను మూత మీదకి వెళ్ళకుండా నా పక్కనే వంగి నిలబడింది.

"మేడంగోరూ, నీకు తెలుస్తాదని అడుగుతన్నాను. సంకలో గానీ, రొమ్ములో గానీ గెడ్డలాగొచ్చి నొప్పి నేకపోతే పర్లేదు కదా?"

నొప్పి లేకపోవడమే నాకు నచ్చలేదు. ఎప్పట్నుంచి అని అడిగితే "సీతాకాలం నుంచి" అంది. మేము మాట్లాడుకుంటున్నది వేసవిలో. తిట్టాను. బస్సులో అందరూ వినేలా తిట్టాను. మర్నాటికి సెలవు పెట్టి పలాసలో చూపించి, అక్కణ్ణుంచి వాళ్ళ చెల్లెల్ని తోడిచ్చి విశాఖ పంపాను. ఆపరేషన్ అయింది, కరెంటు, అదే రేడియేషన్, పెట్టారు. అదంతా ఆవిడ గట్టిగానే పడింది. చుట్ట మానమంటే ఆ రోజే చెవి వెనక నుంచి తీసి సముద్రం వైపు పారేసిందట. రెండు నెలలకి మళ్ళీ బస్సులో కనిపించింది, మనిషి సగమై. తువ్వాలు విసిరింది కుడిచేత్తో కాదు, ఎడంచేత్తో. గురి మాత్రం తప్పలేదు.

ఆ రోజు నా ఒళ్ళో ఒక కాగితం పెట్టింది. "ఇందులో ఏటుందో సెప్పు. రోజూ ఒక బిల్ల మింగాలంట, ఏల్ల తరబడి. నాను మింగనన్నాను. ఆ డాట్రమ్మ మొకం మాడ్సుకున్నాది."

"ఈఆర్ పాజిటివ్ అని ఉంది," అన్నాను.

"పాజిటివా? కరోనాకి పాజిటివంటే మా ఈధోలు నా గుమ్మం తొక్కనేదు. ఇదీ అలాటిదేనా?"

"కాదు. ఇందులో పాజిటివ్ అంటే మనకింకో దారి ఉందని. ఆ దారి ఈ బిళ్ళే."

నమ్మలేదు. ముఖం పక్కకి తిప్పుకుంది. క్లాసులో అయితే బోర్డు మీద బొమ్మ వేసేదాన్ని. ఇక్కడ బోర్డు లేదు, పక్కనేమో చీపుళ్ళ వాసన, వెనక ఎవరో ఫోన్లో అరుస్తున్నారు. అలాగే మొదలుపెట్టాను. ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోన్ ఉంటుంది, రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది, ఎక్కడ పడితే అక్కడ దిగదు, తనకి సీటున్న కణం దగ్గరే కూర్చుంటుంది అని చెప్పాను. ఎముకల్లో సీట్లున్నాయి, రక్తనాళాల్లో ఉన్నాయి, మెదడులో ఉన్నాయి. అది కూర్చున్నచోట పని నడుస్తుంది, ఎముక గట్టిగా ఉంటుంది, రక్తనాళం మెత్తగా ఉంటుంది.

"మరి మంచిదే కదా."

"మంచిదే. నీ గడ్డలో కణాలకి కూడా ఆ సీట్లున్నాయని ఈ కాగితం చెప్తోంది. అక్కడ అది కూర్చున్నప్పుడల్లా పెరుగు, పెరుగు అని చెప్తుంది."

"నాకు సంచీ తీసీసినారు కదా ఎప్పుడో. ఇంకా ఆడాల్ల హార్మోను ఎక్కడ్నించొత్తాది?"

"సంచి తీశారు గానీ అండాశయాలు ఉంచారు కదా. అవి ఆగిపోయినా ఒంట్లో కొవ్వు కూడా కొంచెం తయారుచేస్తుంది."

"నాకు కొవ్వుందని మావోడు ఎప్పుడూ అనీవోడు. ఇన్నాల్లకి నువ్వూ అన్నావు," అని నవ్వింది. ఆపరేషన్ తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అదే.

నాకు ఊపొచ్చింది. మేం చదువుకునే రోజుల్లో ఆ సీట్లన్నీ కణం లోపల, నడిమింట్లో ఉంటాయనే చెప్పారు, నేనూ చాలా ఏళ్ళు పిల్లలకి అలాగే బొమ్మ వేశాను, తర్వాత తెలిసింది కొన్ని సీట్లు కణం పైపొరలోనే, గుమ్మంలోనే ఉంటాయని, అన్నాను. లోపలి సీట్లో కూర్చుంటే పని మెల్లగా జరుగుతుంది, గంటలు పడుతుంది. గుమ్మంలో కూర్చుంటే క్షణాల్లో కబురు లోపలికి పోతుంది.

"ఫుట్‌బోర్డు మీదోడు కండట్రుకి కేకేసినట్టు," అంది.

"అచ్చం అంతే."

"మరి ఈ బిల్లేటి సేత్తాది?"

ఆవిడ ఒళ్ళో తువ్వాలుంది. దాన్ని చూపించాను. "నువ్వు రోజూ చేసే పనే. ముందుగా పోయి సీటు మీద తువ్వాలు వేసేస్తుంది. హార్మోన్ వచ్చి చూస్తుంది, సీటు ఖాళీ లేదు. దిగిపోతుంది."

చీపుళ్ళప్ప నా వంకా తువ్వాలు వంకా చూసి, "ఓలమ్మ!" అని గట్టిగా నవ్వింది. డ్రైవరు కూడా అద్దంలో చూశాడు. "రోజూ ఎందుకెయ్యాలంట?" అని మళ్ళీ అడిగింది.

"నిన్న నువ్వేసిన తువ్వాలు ఇవాళ సీటుంచుతుందా?"

"ఉంచదు," అని ఒప్పుకుంది.

ఒక సంగతి ఆ రోజు చెప్పలేదు. గుమ్మంలో సీట్ల వ్యవహారం ఇంకా పూర్తిగా తేలలేదు. కొన్నిచోట్ల ఆ సీటు తువ్వాల్నే మనిషనుకుని లోపలికి కబురు పెడుతుందేమోనని పరిశోధకులు వాదించుకుంటున్నారు. అయినా ఆ బిళ్ళ చాలామందిని కాపాడింది, అది మాత్రం తేలిన సంగతి. తేలని సంగతి చెవిన పడితే ఈవిడ తేలిన సంగతిని కూడా వదిలేస్తుంది. ఉద్దానం మనుషులతో ఇన్నేళ్ళు బతికాను, ఆ మాత్రం తెలుసు.

మర్నాటి నుంచి కొత్త ఆచారం మొదలైంది. బస్సెక్కగానే నా ముందుకొచ్చి నోరు తెరిచి నాలుక చాపేది. "ఇదిగో సూడు. మింగీసినాను." చంటిపిల్లలా నాలుక కింద కూడా ఎత్తి చూపించేది. బస్సంతా నవ్వేది. కండక్టరు "మేడం, అప్పకి మార్కులెయ్యండి" అనేవాడు. నాకు రోజంతా బాగుండేది. నా చదువు ఒక మనిషి గొంతులోంచి దిగిందని గర్వపడ్డాను కూడా.

ఎనిమిది, తొమ్మిది నెలలు అలా గడిచాయి. తర్వాత వాళ్ళ ఊరికి రక్తం తీసేవాళ్ళు వచ్చారు. ఏటా వస్తారు. ఈవిడ అంకె కొంచెం పెరిగింది. పెద్ద పెరుగుదల కాదు, మళ్ళీ చూపించుకోమన్నారంతే. ఆ మర్నాడు బస్సెక్కి నా దగ్గరికి రాలేదు. ఇంజను మూత మీద కూర్చుని బయటికి చూస్తోంది. నేనే వెళ్ళాను. "నాలుకేదీ?" అని వేళాకోళంగా అడిగాను.

"మానీసినాను," అంది.

ఆ ఒక్క మాట నుంచి టెక్కలి దాకా నేను అరుస్తూనే ఉన్నాను. ఈ బిళ్ళ ఆ బిళ్ళ కాదు, నొప్పి బిళ్ళకీ దీనికీ సంబంధం లేదు, ఇది కాలేయంలో అరుగుతుంది, కిడ్నీల మీద పడదు, అన్నీ చెప్పాను. బతిమాలాను. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. చివరికి నా మీద జాలిపడ్డట్టు, "సరే, కిడ్నీ డాట్రుగోరి దగ్గిరికి తీసుకెల్లు. ఆయన సెప్తే ఇంటాను," అంది.

తీసుకెళ్ళాను. పలాసలో కిడ్నీ డాక్టరు, మంచి మనిషి, అలసిపోయి ఉన్నాడు, బయట వరండా నిండా జనం. కాగితాలన్నీ చూసి, "అమ్మా, ఈ మాత్ర వల్ల కాదు. ధైర్యంగా వేసుకో," అన్నాడు.

"మరి దేనివల్ల పెరిగినాది బాబూ?"

ఆయన అబద్ధం ఆడలేదు. "ఇక్కడ దేనివల్ల వస్తోందో ఇంకా ఎవరికీ కచ్చితంగా తెలీదమ్మా," అన్నాడు.

ఆవిడ లేచి దండం పెట్టి బయటికొచ్చేసింది. మెట్ల మీద నా వైపు తిరిగింది. "దేనివల్లొత్తందో తెల్దన్నోడు, దీనివల్ల కాదని ఎలాగ సెప్పగలడు మేడంగోరూ?"

నా దగ్గర జవాబుంది. ఒక్కో మందునీ విడిగా పరీక్షిస్తారని, తెలియనివి కొన్ని ఉన్నంతమాత్రాన తెలిసినవి తప్పైపోవని. చెప్పాను కూడా. కానీ ఆ మెట్ల మీద నిలబడి చెప్తుంటే నా మాట నాకే నీరసంగా వినిపించింది. మా ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ ఒకరిని ఎత్తుకెళ్ళినదానికి పేరు చెప్పలేని చదువు నాది. దాన్ని పట్టుకుని ఆవిడని నమ్మమంటున్నాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆవిడ మీదే చూపించాను. "చావు మరి!" అన్నాను.

ఆవిడకి కోపం రాలేదు. "సావడానికి బయం నేదు. ఆ బెంచీ మీద తొంగోడానికే బయం. మావోడు ఎలాగున్నాడో నువ్వు సూడనేదు. సుట్ట మానీమన్నారు, మానీసినాను. కోసీత్తామన్నారు, కోసీమన్నాను. మింగమంటే మాత్రం నా వల్ల కాదు," అంది. మర్నాడు బస్సులో నాకు సీటు ఉంచింది, ఎప్పట్లాగే. నేను కూర్చున్నాను, ఎప్పట్లాగే. కొన్నాళ్ళు మాటలు తగ్గాయి. తర్వాత మళ్ళీ కలిశాయి గానీ బిళ్ళ ఊసు ఇద్దరం ఎత్తలేదు. నాకు ఓపిక లేకపోయింది. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

జబ్బు వెన్నులోకి పాకిందని నాకు ఎవరూ చెప్పలేదు, బస్సులోనే తెలిసింది. తువ్వాలు వేస్తోంది, అందర్నీ కూర్చోబెడుతోంది, తను మాత్రం ఇంజను మూత మీద కూడా కూర్చోవడం మానేసింది. రాడ్డు పట్టుకుని నిలబడేది. గతుకు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకునేది. "కూచో అప్పా," అంటే "కూకుంటే నడుం దగ్గిర పీకుతంది. నిలబడ్డమే సుకం," అంది. ఒక సోమవారం నుంచి రాలేదు. సీటు లేక నేను నిలబడ్డాను, నిలబడ్డంతసేపూ ఏడుపొచ్చింది.

ఒక ఆదివారం వాళ్ళ ఊరికి వెళ్ళాను. తుపానుకి తలలు విరిగిన కొబ్బరిచెట్ల మధ్య నుంచి ఆటో వెళ్ళింది. వసారాలో నులకమంచం మీద పడుకుని ఉంది. మనిషి ఎంతో లేదు. తువ్వాలు తలకింద పెట్టుకుంది. చుట్టూ చీపుళ్ళకి చీరిన ఈనెలు అలాగే పడున్నాయి. మంచం పక్కన చెల్లెలి కూతురు కూర్చుని ఉంది. ఆ పిల్ల కూడా తలకి గుడ్డ కట్టుకుంది, గుడ్డ కింద జుట్టు లేదు.

"ఇదిగో మేడంగోరూ, మా గుంట," అంది చీపుళ్ళప్ప. "దీనికీ వచ్చినాది. దీందీ పాజిటివే. బిల్ల రాసినారు. కిడ్నీలు పోతాయి, నాను మింగనంతంది. నా దగ్గిరే నేర్సుకున్నాది మరి. నీకోసమే కాసుకుని ఉన్నాను. తువ్వాలు సంగతి దీనికి సెప్పు."

ఒకసారి చెప్పి చూశాను కదా, ఏమైంది? అయినా మొదలుపెట్టాను, హార్మోన్ అనీ, రక్తంలో తిరుగుతుందనీ. మూడు మాటలు కాకముందే మంచం మీంచి చెయ్యి లేచింది.

"నువ్వాగు. నానే సెప్తాను." ఆయాసపడుతూ ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది. "బస్సులో సీట్లుంటాయా? లోపలుంటాయి, ఫుట్‌బోర్డు మీదుంటాయి. మనం తువ్వాలెయ్యకపోతే ఎవుడో ఒచ్చి కూకుంటాడు. నాను ఏసినాను. ఏసి తీసీసినాను. అది ఒచ్చి నా నడుంలో కూకున్నాది. ఇప్పుడు నెగమంటే నెగదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "మేడంగోరు అరిసి అరిసి సెప్పింది, నాను ఇన్నేదు. మీ పెదనాన్న బెంచీ మీద పడుకున్నదే నా కల్లల్లో ఉండిపోనాది. దానికి బయపడి దీన్ని రానిచ్చినాను."

"నాకూ బయమేస్తంది పెద్దమ్మా," అంది ఆ పిల్ల. ఏడుస్తోంది.

"బయపడు. బయపడొద్దని నాను సెప్పను. ఈ ఊర్లో పుట్టి బయపడకపోతే ఎలాగ? బయపడతానే మింగు."

నీళ్ళు తెప్పించి, తన కళ్ళముందే మింగించింది. తర్వాత నోరు తెరవమంది. తల ఎత్తలేక కళ్ళతోనే నాలుక కింద కూడా చూపించమని సైగ చేసింది. చూసి, నా వైపు తిరిగి, "నిలబడ్డావేటి? కూకో," అంది.

తర్వాత రెండు వారాలకి బస్సులో కండక్టరు చెప్పాడు, చీపుళ్ళప్ప పోయిందని. డయాలసిస్ దాకా వెళ్ళలేదు, కోరుకున్నట్టే ఆ బెంచీ తప్పించుకుంది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

మొన్న సోమవారం నా పక్కన కూర్చున్నది ఆ పిల్లే. జుట్టు మొలిచేసరికి పోల్చుకోలేకపోయాను. ఒళ్ళో పెట్టుకున్న తువ్వాలు మూల చూశాను, చుట్ట కాల్చిన చిల్లు ఉంది. చీపుళ్ళ బేరం ఇప్పుడు తనే చూసుకుంటోందట. డిక్కీలో కట్టలున్నాయి. ఒంట్లో ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందంది. విశాఖలో డాక్టరమ్మ బాగుందనే చెప్పిందట.

బస్సు కాశీబుగ్గ దాటింది. ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ, "మొన్న మా ఊరికి రత్తం తీసీవోల్లొచ్చినారు మేడంగోరూ," అంది.

నేను ఒళ్ళో సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను. అంకె అడగబుద్ధి కాలేదు.

"నాదీ పెరిగినాది," అంది.

మళ్ళీ అదే మెట్లు, అదే వరండా, అదే డాక్టరు, అదే ప్రశ్న నా కళ్ళముందు వరసగా తిరిగాయి. నాకు నిజంగా ఓపిక లేదు. అరవడానికి గొంతు కూడా లేదు. అయినా, "బుధవారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను," అన్నాను.

"రా. మరేటి, నానొక్కర్తినే ఎల్లమంటావా?" అంటూ సంచిలో చెయ్యి పెట్టి బిళ్ళల అట్ట తీసింది. ఒకటి నొక్కి అరచేతిలో వేసుకుంది. సీసాలో నీళ్ళు తాగి, కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది. తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచి నాలుక చాపింది. నాలుక కింద కూడా ఎత్తి చూపించింది.

ఏమీ లేదు. కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాను.